రాయించుకున్నవాడిదే అడవి: మన్యంలో వలస చట్టాల వారసత్వం

ప్రతి ఏటా వానలు మొదలవగానే మన పత్రికల్లో ‘ఏజెన్సీలో జ్వరాలు’ అనే వార్త కనిపిస్తుంది. దాని వెంటే డోలీలో గర్భిణిని మోసుకొస్తున్న ఫొటో ఒకటి వస్తుంది. పాడేరు, రంపచోడవరం, చింతూరు, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు అన్నీ మనకు ఏజెన్సీయే. ఎవరి ఏజెన్సీ, అక్కడ ఎవరి తరఫున ఎవరు ఏజెంటు అని మనం అడగం, ఎందుకంటే మాట అంతగా అలవాటైపోయింది. ఆ మాటకు పుట్టిన తేదీ ఉంది. 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పిస్తూ 24వ నంబరు చట్టం చేసింది. అక్కడ కలెక్టరే గవర్నరుకు ఏజెంటు. సివిలు, క్రిమినలు అధికారాలన్నీ ఆయన చేతిలో ఉండేవి. ఆ ఏజెంటు ఏలిన మన్యానికి ఏజెన్సీ అనే పేరు స్థిరపడింది. గోదావరి మన్యానికి ఈ తరహా పాలన ఆ తరువాత వచ్చింది. నిజాం రాజ్యంలోని గోండు, కోయ ప్రాంతాలకు ఆ పేరు ఇంకా ఆలస్యంగా అంటుకుంది.

ఈ మన్యం మీద వలస ప్రభుత్వం రెండు రకాల చట్టాలు చేసింది. ఒకటి అడవిని ఆదివాసి చేతిలోంచి తీసుకుంది. రెండోది ఆదివాసి భూమిని మైదానం వర్తకుడి బారి నుంచి కాపాడతానంది. రెండూ ఒకే ప్రభుత్వం, ఒకే కొండల మీద, 35 ఏళ్ల వ్యవధిలో అమలుచేసినవే. స్వతంత్ర భారతదేశం ఈ రెండింటినీ వారసత్వంగా తీసుకుంది. నేటి పోడు భూముల గొడవను, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేసే 1/70 చట్టం గొడవను మనం వేరు వేరు వార్తలుగా చదువుతాం గానీ, అవి ఒకే చరిత్రకు చెందినవి. ఆ చరిత్రను గోదావరి, విశాఖ మన్యాల్లో చూస్తే అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంగ్లీషువాళ్లు రాకముందు మన్యం స్వర్గమేమీ కాదు. రంప ప్రాంతంలో మన్సబుదారు, అతని కింద ముఠాదారులు, వారి కింద ఊళ్లు. కొన్ని ఊళ్లు కలిసి ఒక ముఠా. ముఠాదారు ఊళ్ల నుంచి వసూలు చేసిన దానిలో ‘కట్టుబడి’ పేరుతో ఒక మొత్తాన్ని పైవాడికి చెల్లించేవాడు. వెట్టి ఉండేది, జులుం ఉండేది. అయితే భూమి విషయంలో ఒక కట్టడి ఉండేది. కొండవాలు ఒక మనిషి సొత్తు కాదు. ఏ ఊరి వాళ్లు ఏ వాలు కొట్టుకోవాలో ఆ ఊళ్లకు తెలుసు. అది ఎక్కడా రాసి ఉండదు. ఈ ‘రాసి ఉండదు’ అన్నదే తరువాత వచ్చిన అనర్థానికంతటికీ మొదలు.

పోడు ఎలా చేస్తారో దగ్గరగా చూడకుండా ఈ తగాదా అర్థం కాదు. కొండరెడ్లు గానీ కోయలు గానీ చలికాలం చివర ఒక వాలును ఎంచుకుని పొదలు, చెట్లు నరుకుతారు. మొదళ్లను పెకలించరు; మోకాలెత్తున మోడు వదిలేస్తారు, అది మళ్లీ చిగురిస్తుంది. మామిడి, ఇప్ప, చింత, జీలుగు వంటి పనికొచ్చే చెట్ల జోలికి పోరు. నరికిన కొమ్మ వేసవి ఎండకు పెళపెళలాడేలా ఎండాక నిప్పు పెడతారు. తొలకరి పడగానే ఆ బూడిదలో నాగలి లేకుండా కర్రతో గుంటలు పొడిచి సామ, కొర్ర, చోడి, జొన్న, కంది కలిపి వేస్తారు. ఒక్కో గింజ ఒక్కో నెలలో చేతికొస్తుంది కాబట్టి ఒకటి పోయినా మరొకటి కడుపు నింపుతుంది. రెండు మూడు పంటలయ్యాక నేల సత్తువ తగ్గుతుంది. దాన్ని వదిలి పక్క వాలుకు పోతారు. వదిలిన వాలు కొన్నేళ్లకు మళ్లీ అడవి అవుతుంది, అప్పుడు మళ్లీ దాని వంతు. అంటే పోడు చేసే కుటుంబానికి ఈ ఏడు చేను కొంచెమే కనిపిస్తుంది. మిగతా చేను అంతా అడవి రూపంలో నిద్రపోతూ ఉంటుంది. కొండ ఎక్కిన అధికారికి ఆ నిద్రపోతున్న చేను ఎవరిదీ కాని అడవిలా కనిపించింది.

1874 నాటి ఒక మార్పు దీనికి మంచి ఉదాహరణ. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్లకు దఖలై, సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేవి. అక్కడ పోడుకు గొడ్డలికి ఇంత అని తేలిక శిస్తు కట్టించుకునేవారు. చేను ఎక్కడుందన్న ప్రశ్న లేదు, ఎన్ని గొడ్డళ్లు ఆడుతున్నాయన్నదే లెక్క. ఆదివాసి సేద్యానికి కాస్త దగ్గరగా వచ్చిన పన్ను పద్ధతి బహుశా అదొక్కటే. 1874లో ఆ తాలూకాలను మద్రాసు రాష్ట్రంలో కలిపారు. కొత్త ప్రభుత్వం శిస్తును మూడింతలకు దగ్గరగా పెంచింది. కొన్ని చోట్ల పోడు కొట్టడాన్నే నిషేధించింది. అయిదేళ్లకే రేకపల్లి తిరగబడింది.

ఆ తిరుగుబాటు మొదలైంది మాత్రం పక్కనున్న రంపలో, 1879 మార్చిలో. దాని తక్షణ కారణం భూమి కాదు, కల్లు. మైదానంలో కూర్చుని చదివేవాళ్లకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. మన్యంలో జీలుగు చెట్టు అంటే ఇంటి గాదె లాంటిది. పాత ధాన్యం అయిపోయి కొత్త పంట రాని నెలల్లో కొండమీది కుటుంబాలకు జీలుగు కల్లే ఆకలి తీర్చేది; పిల్లలతో సహా తాగేవారు. ఏ చెట్టు ఎవరిదో తండ్రి కొడుకుకు చూపించి పోయేవాడు. మన్సబుదారు అప్పటికే కల్లు గీతపై ‘చిగురు పన్ను’ వసూలు చేస్తున్నాడు. ఆపైన మద్రాసు ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి వాడకానికి కల్లు గీయడాన్ని కూడా నేరం చేసి, కల్లు హక్కును మైదానం గుత్తేదార్లకు పాడుకోనిచ్చింది. తాత నాటి చెట్టు కింద నిలబడి, దాని కల్లు తాగడానికి ఊరూపేరూ తెలియని గుత్తేదారుకు డబ్బు కట్టాలి. కట్టకపోతే పోలీసు వస్తాడు.

ఇంకొక కారణం అంతకంటే లోతైనది. కొండకు ఉప్పు, గుడ్డ మోసుకెళ్లే వర్తకులు ఆదివాసులకు అప్పులిచ్చి, వాళ్లు చదవలేని కాగితాల మీద వేలిముద్రలు వేయించుకునేవారు. తరువాత దూరాన ఉన్న కోర్టులో దావా వేసేవారు. ప్రతివాదికి సమను అందదు. అందినా అదేమిటో తెలియదు. తెలిసినా అంత దూరం వెళ్లలేడు. ఏకపక్ష డిక్రీ వచ్చేది. డిక్రీ పట్టుకుని అమీనాలు వచ్చి పశువులను తోలుకుపోయేవారు. తిరుగుబాటు తరువాత జరిగిన విచారణలో, అయిదు రూపాయల అప్పు కింద నూరు రూపాయల విలువైన పశువులను, పంటను జప్తు చేసిన సందర్భాలు ఉన్నాయని మన్యం వాళ్లు చెప్పుకున్నారు. కోర్టు అనేది న్యాయం చేసే చోటుగా కాక, దోపిడీకి ముద్ర వేసే చోటుగా వాళ్లకు పరిచయమైంది. ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. నేటికీ మన్యంలో కాగితం తెచ్చిన అధికారిని చూసి జనం బెదిరితే దాన్ని మనం అజ్ఞానం అంటాం. నాకు మాత్రం అది నూట యాభై ఏళ్ల అనుభవంలా అనిపిస్తుంది.

తమ్మన్న దొర, అద్దతీగల పోలీసు ఠాణాను తగలబెట్టిన చంద్రయ్య, రేకపల్లి వైపు అంబుల్ రెడ్డి నడిపిన ఈ పోరును అణచడానికి పోలీసులు చాలలేదు. మద్రాసు పదాతి దళాలను, సాపర్లనే సైనిక ఇంజినీర్లను, హైదరాబాదు కంటింజెంటును దించాల్సి వచ్చింది. 1880లో చంద్రయ్యా, తమ్మన్న దొరా చనిపోయాక గానీ అది చల్లారలేదు. మన్సబుదారును తొలగించి, ముఠాదారులకు ప్రభుత్వమే నేరుగా సనదులిచ్చింది. ఈ తిరుగుబాటును జనం రంప పితూరీ అన్నారు. తెలుగులో పితూరీ అంటే కుట్ర, తిరుగుబాటు. వాడుకలో మరొకరి మీద చెప్పే ఫిర్యాదు కూడా. రంప విషయంలో రెండర్థాలూ ఒకేసారి సరిపోతాయి. ఫిర్యాదు వినే దిక్కు లేనందువల్లే తిరుగుబాటు వచ్చింది.

పితూరీ ముగిసిన రెండేళ్లకే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దీనికి ముందు జరిగిన ఒక వాదన మన చరిత్ర పుస్తకాల్లో రావలసినంతగా రాలేదు. కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ఒకే అటవీ చట్టం తేవాలనుకున్నప్పుడు మద్రాసు రెవెన్యూ బోర్డే అడ్డు చెప్పింది. ఈ రాష్ట్రంలో ఏదో ఒక ఊరి పొలిమేరలో లేని అడవి దాదాపు లేదనీ, తరతరాలుగా ఆ ఊళ్ల వాళ్లే అడవిని వాడుకుంటున్నారనీ, అది సర్కారు సొత్తు అని చెప్పుకునే హక్కు ప్రభుత్వానికి లేదనీ 1871లో బోర్డు వాదించింది. అంటే తీసుకుంటున్నది ఇతరుల ఆస్తి అని ఆ ప్రభుత్వంలోని వాళ్లకే తెలుసు. తెలియక జరిగిన పొరపాటుగా దీన్ని ఎవరూ చెప్పుకోవడానికి వీల్లేదు. 1878లో వచ్చిన భారత అటవీ చట్టం మద్రాసుకు వర్తించలేదు. కానీ రైళ్ల పట్టాల కింద వేయడానికి దుంగలు కావాలి, ఓడలకు, కట్టడాలకు టేకు కావాలి, ఖజానాకు ఆదాయం కావాలి. అటవీ శాఖ అధిపతి డీట్రిక్ బ్రాండిస్ మద్రాసు వచ్చి చట్టం తయారీకి తోడ్పడ్డాడు. 1882లో అయిదో నంబరు చట్టంగా మద్రాసు అటవీ చట్టం వెలువడింది. రెవెన్యూ బోర్డు వాదన ఫైళ్లలో మిగిలిపోయింది.

ఆ చట్టం ఎలా పనిచేసిందో చూస్తే, హక్కును లాక్కోవడానికి తుపాకీ అవసరం లేదని తెలుస్తుంది. ఫలానా హద్దుల మధ్య ఉన్న భూమిని రిజర్వు అడవి చేయదలిచామని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తుంది. ఫారెస్టు సెటిల్‌మెంటు అధికారి అక్కడికి వస్తాడు. ఆ భూమి మీద హక్కులున్నవాళ్లు మూడు నెలలకు తక్కువ కాని గడువులోగా రాతమూలకంగా గానీ, స్వయంగా హాజరై గానీ చెప్పుకోవాలి. గడువులో చెప్పుకోని హక్కు రద్దయిపోతుంది. చూడడానికి పద్ధతిగానే ఉంది. నోటీసు ఉంది, గడువు ఉంది, వినే అధికారి ఉన్నాడు. కానీ గెజిట్ అంటే ఏమిటో తెలియని కోయ ఊళ్లో, రాత లేని భాష మాట్లాడే మనుషుల మధ్య, ఈ ఏడు చేను కనిపించి వచ్చే ఏడు అడవిగా మారిపోయే సేద్యంలో, ‘నా హక్కు ఈ హద్దుల మధ్య ఇంత’ అని ఎవరు రాయిస్తారు? గడువు దాటింది. మరుసటి ఏడు అదే మనిషి అదే కొండ మీద అదే గొడ్డలితో అదే పని చేశాడు. ఇప్పుడతను నేరస్థుడు. ‘ఆక్రమణ’ అనే మాట మన్యానికి ఇలా చేరింది. కొండను విడిచి ఎక్కడికీ పోని మనిషిని ఆ కాగితం, అతను తన ఇంట్లో ఉండగానే ఆక్రమణదారును చేసింది.

రిజర్వు హద్దుల్లో వెదురు కొట్టినా, పశువు మేసినా, చింతపండు ఏరినా జరిమానా. ఫారెస్టు గార్డుకు కోడి, నెయ్యి, ఊరికే చేసిపెట్టే పని మామూలయ్యాయి. ముఠాదారులకూ దెబ్బ తగిలింది. వాళ్ల ఆదాయంలో అడవి వాటా పోయింది, అధికారం తగ్గి సర్కారు చాకిరీ మిగిలింది. పితూరీలు ఆగలేదు. 1886లో విశాఖ మన్యంలోని గూడెం ప్రాంతంలో, 1916 ప్రాంతంలో లాగరాయిలో మళ్లీ అలజడి రేగింది.

ఈ వరసలోనే రెండో రకం చట్టం వచ్చింది. 1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం ప్రకారం కొండ జాతుల వాళ్లు తమ భూమిని ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు బదలాయిస్తే అది చెల్లదు. వాళ్ల అప్పుల మీద ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ, చక్రవడ్డీ కోర్టులు ఇప్పించకూడదు. మొత్తం వడ్డీ అసలును మించకూడదు. రంప పితూరీ విచారణలో బయటపడిన దోపిడీకి, దాదాపు నలభై ఏళ్లు ఆలస్యంగా ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఇది. ఇందులో దయ కొంత ఉండవచ్చు. అంతకంటే ఎక్కువగా ఉన్నది భయం. వర్తకుడి వల్ల కొండ మళ్లీ అంటుకుంటే దండు నడిపే ఖర్చు ప్రభుత్వానిదే. అయినా చట్టం చట్టమే. ఆదివాసి భూమి ఆదివాసి దగ్గరే ఉండాలనే సూత్రం తెలుగు మన్యంలో మొదట రాతలోకి వచ్చింది అక్కడే.

ఆ చట్టంలోని మెలికను గమనించాలి. అది ఆదివాసిని కాపాడింది మైదానం నుంచి వచ్చిన ప్రైవేటు మనిషి నుంచి మాత్రమే. ప్రభుత్వం నుంచి కాదు. వర్తకుడు ఎకరం తీసుకుంటే చెల్లదు. అటవీ శాఖ కొండంతా తీసుకుంటే చెల్లుతుంది. వలస పాలన ఆదివాసిని ఒక చేత్తో పసివాడిలా సాకుతానంటూ రెండో చేత్తో అతని ఇంటికి గొళ్లెం పెట్టింది.

అయిదేళ్లకే గూడెం మండింది. అల్లూరి సీతారామరాజు కథ ప్రతి తెలుగువాడికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ దాన్ని తిరిగి చెప్పను. ఆ వీరగాథ వెలుగులో మరుగున పడే ఒక విషయం మాత్రం చెప్పాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద దాడి చేసినవాళ్లలో ఉన్న గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులకు పదవీ, భూమీ విషయంలో గూడెం తహసీల్దారు బాస్టియన్‌తో తగాదా ఉంది. ఆ తహసీల్దారు నర్సీపట్నం మీదుగా మన్యంలోకి రోడ్లు వేయించేటప్పుడు, రోజుకు ఆరణాలు ఇవ్వాల్సిన కూలికి రెండణాలు ఇచ్చి కొట్టి పనిచేయించాడన్నది ఆ నాటి ప్రధానమైన ఫిర్యాదు. పోడు కొట్టనివ్వకపోవడం మరొకటి. పోడు పోయిన మనిషికి తిండి దొరికే దారి రోడ్డు కూలి ఒక్కటే. ఆ కూలి డబ్బూ తినేశారు. రాజు 1924 మే 7న కాల్పుల్లో చనిపోయాడు. రోడ్లు మిగిలాయి. ఇంకో మాట: రాజు మైదానం నుంచి వచ్చినవాడు కాబట్టి మనకు గుర్తున్నాడు. ఆయనతో పాటు పోరాడిన కొండ మనుషుల పేర్లలో మనకు నాలుగైదు కంటే ఎక్కువ తెలియవు.

నిజాం రాజ్యం పేరుకు స్వదేశీ సంస్థానమే అయినా అటవీ పాలనలో ఇంగ్లీషు నమూనానే అనుసరించింది. ఆదిలాబాదు గోండులు, కోలాములు రిజర్వు హద్దుల్లో చిక్కి, మైదానం నుంచి వచ్చి పట్టాలు రాయించుకున్నవాళ్ల చేతిలో భూములు పోగొట్టుకున్నారు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించాక గానీ ప్రభుత్వం కళ్లు తెరవలేదు. ఆ తరువాతే మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ అధ్యయనం, గోండులకు కొన్ని పట్టాలు, మార్లవాయిలో గోండీ భాషలో బడి, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషను వరసగా వచ్చాయి. రంపలో జరిగిన క్రమమే ఇక్కడా నడిచింది: మొదట అడవి పోతుంది, తరువాత భూమి, ఆ తరువాత తిరుగుబాటు, చివర ఒక రక్షణ చట్టం.

మన్యాన్ని వేరుగా ఉంచే పద్ధతి 1919 సంస్కరణల్లో ‘వెనుకబడిన ప్రాంతాలు’గా, 1935 చట్టంలో ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’గా పేర్లు మార్చుకుంటూ వచ్చి, చివరికి మన రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు అయింది. గవర్నరుకు ప్రత్యేకాధికారాలు అలాగే ఉన్నాయి. 1839లో గవర్నరు ఏజెంటుకు ఇచ్చిన అధికారాల ఛాయ ఇప్పటికీ మన రాజ్యాంగంలో కనిపిస్తుంది. తేడా ఏమిటంటే, ఇప్పుడది ఆదివాసి హక్కుల కోసం ఉద్దేశించినది, కనీసం రాతలో.

1917 చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1959లో ఒకటో నంబరు భూ బదలాయింపు నిబంధనగా మార్చింది. 1963లో దాన్ని తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకూ వర్తింపజేసింది. 1970లో వచ్చిన సవరణే జనం నోట ‘1/70’. శ్రీకాకుళం గిరిజన పోరాటం రగులుతున్న రోజుల్లో అది వచ్చింది. మన్యంలో మంచి చట్టం రావడానికి నిప్పు కావలసిరావడం స్వతంత్ర భారతంలోనూ మారలేదు. 1/70 రెండు పెద్ద పనులు చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని అమ్మేవాడు గిరిజనుడైనా గిరిజనేతరుడైనా, కొనేవాడు గిరిజనుడే కావాలంది. అంతకంటే ముఖ్యంగా, అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని భావించాలంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అనుభవిస్తున్నవాడిదే. రుజువు భారం ఒక వైపు నుంచి మరో వైపుకు మారడం మన్యం చరిత్రలో అదే మొదటిసారి. 1988లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది.

‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మరో అడుగు వేసింది. అనంతగిరి ప్రాంతంలో గనుల లీజుల మీద వచ్చిన ఆ వ్యాజ్యంలో, నిబంధనలోని ‘వ్యక్తి’ అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలోని సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు తేల్చారు. 1917 చట్టం తాకకుండా వదిలేసిన చోటును ఈ తీర్పు తాకింది.

అమలు సంగతి వేరు. బినామీ పేర్లు, వెనకటి తేదీలు వేసిన కాగితాలు, గిరిజన స్త్రీని పెళ్లాడి ఆమె పేరున రాయించుకోవడం వంటి దారులు మన్యంలో అందరికీ తెలిసినవే. గెలిచిన కేసులో కూడా భూమి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది; రెవెన్యూ కార్యాలయంలో తీర్పు కాగితం ఉంటుంది, చేనులో పాత మనిషే ఉంటాడు. అయినా ఆ చట్టం లేకపోతే ఈ పాటికి అరకు, భద్రాచలం, ఉట్నూరుల్లో ఆదివాసి చేతిలో ఎంత మిగిలేదో ఊహించుకోవచ్చు.

అడవి చట్టం మాత్రం తన దారిన తాను నడిచింది. 1882 చట్టం స్థానంలో 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది కానీ ప్రకటన, సెటిల్‌మెంటు అధికారి, గడువు, హక్కుల రద్దు అనే యంత్రం అదే. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చాక రిజర్వులోని భూమిని ఎవరికైనా ఇవ్వాలంటే కేంద్రం అనుమతి కావాల్సి వచ్చింది. ఎన్నో చోట్ల ఒకే చేను రెవెన్యూ రికార్డులో పట్టా భూమి, అటవీ పటంలో రిజర్వు. రెండు శాఖలకూ తమ కాగితమే నిజం. శిస్తు ఒక శాఖ తీసుకుంటుంది, కేసు మరో శాఖ పెడుతుంది. కందకాలు తవ్వే యంత్రాలు వస్తాయి, చేతికొచ్చిన కంది మీద మొక్కలు నాటుతారు, ఆడవాళ్లు అడ్డంగా పడుకుంటారు. తెలంగాణలో ఈ దృశ్యాలు ఇటీవలి సంవత్సరాల దాకా చూస్తూనే ఉన్నాం.

2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒక ఒప్పుకోలు చేసింది. వలస కాలంలోనూ, స్వతంత్ర భారతంలోనూ సర్కారు అడవులను ఏర్పాటు చేసేటప్పుడు ఆదివాసుల పూర్వీకుల భూములపై హక్కులను గుర్తించకపోవడం వల్ల వాళ్లకు చారిత్రక అన్యాయం జరిగిందని అది రాసుకుంది. ఒక దేశం తన చట్టంలో ఈ మాట రాసుకోవడం చిన్న విషయం కాదు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఇస్తామంది. తెలంగాణ ప్రభుత్వం 2023 జూన్ చివర మొదలుపెట్టి 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలు ప్రకటించింది. చట్టం అమల్లోకి వచ్చిన పదిహేనేళ్ల తరువాత కూడా ఒక రాష్ట్రంలో అంత పని మిగిలి ఉందంటే, అప్పటిదాకా అన్ని కుటుంబాలు ఏ పేరుతో బతికాయో తెలుస్తుంది.

ఇంతలో 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరణకు గురైన వాళ్లను ఖాళీ చేయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. దేశమంతటా ఆందోళన రేగి, ఫిబ్రవరి 28న ఆ ఆదేశాన్ని కోర్టే నిలిపివేసింది. ఆ పదిహేను రోజులూ లక్షల కుటుంబాలు తమ ఇంటి ముందు 1882 నాటి నోటీసు మళ్లీ పడినట్టే గడిపాయి.

రేకపల్లికి మళ్లీ వస్తాను. ఆ ఊరు ఒక్క చోటనే ఉండి ఎన్ని ఏలుబడుల కిందకు మారిందో చూడండి: నిజాం నుంచి 1860లో సెంట్రల్ ప్రావిన్సెస్‌కు, 1874లో మద్రాసుకు, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మంకు, 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు. ఏ మార్పులోనూ ఆ ఊరివాళ్లను అడిగింది లేదు. ఇప్పుడు ఆ ఊరున్న వీఆర్ పురం మండలం, చుట్టుపక్కల కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పోలవరం ముంపు కింద ఉన్నాయి. ఆ ప్రాజెక్టు దాదాపు లక్ష కుటుంబాలను కదిలిస్తుంది. వాటిలో పెద్ద భాగం ఆదివాసులవి. పరిహారం లెక్క కట్టేటప్పుడు మళ్లీ అదే ప్రశ్న వస్తుంది: నీ భూమికి కాగితం ఏది? పట్టా ఉన్న చేనుకు విలువ కడతారు. రాయించుకోని పోడుకు, ఏటా కూడు పెట్టిన చింత, ఇప్ప, జీలుగు చెట్లకు, వెదురుకు, గోదావరి చేపకు లెక్క వేయడానికి మన కార్యాలయాల్లో సరైన గడి లేదు. పోడు శిస్తు పెంచినందుకు తిరగబడిన ఊళ్లే ఇప్పుడు నీళ్ల హద్దులో ఉన్నాయి.

ఈ చరిత్రంతా చదివాక నాకు మిగిలిన ప్రధానమైన విషయం రుజువు భారం గురించినది. మైదానం మనిషికీ ఆదివాసికీ తగాదా వస్తే, 1/70 ప్రకారం చట్టం ఆదివాసి వైపు నిలబడి ఎదుటివాణ్ణి రుజువు చూపమంటుంది. ప్రభుత్వానికీ ఆదివాసికీ తగాదా వస్తే ఇప్పటికీ ఆదివాసే రుజువు చూపాలి. సమత తీర్పు గనుల విషయంలో ఈ అసమానతను కొంత సవరించింది. అడవి విషయంలో అది 1882లో ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. 1871లో రెవెన్యూ బోర్డు చెప్పినట్టు అడవి ఊళ్లదేనని మొదట భావించి, కాదని రుజువు చేయాల్సిన పనిని అటవీ శాఖకు అప్పగించి ఉంటే, లక్షల దరఖాస్తుల అవసరమే ఉండేది కాదు.

అటవీ హక్కుల చట్టం నియమాలు ఒక చిన్న కిటికీ తెరిచాయి. దరఖాస్తుదారు కాని ఊరి పెద్ద చెప్పిన మాటను రాసుకుంటే అది సాక్ష్యమే. పూర్వీకుల సమాధులు, పాత బావి, దేవర బండ, ఇంటి పునాది కూడా సాక్ష్యాలే. దాన్ని మొదట విచారించాల్సింది గ్రామసభ. నూట ఇరవై ఏళ్లకు పైగా చెల్లని నోటిమాటకు అలా చట్టంలో చోటు దొరికింది. కానీ దరఖాస్తు గ్రామసభ దాటి డివిజను కమిటీకి చేరాక చాలా చోట్ల ఉపగ్రహ చిత్రం ముందుకొచ్చింది. 2005లో ఈ చోట చేను కనిపించడం లేదు, అడవి కనిపిస్తోంది కాబట్టి తిరస్కరించామన్నారు. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగానే ఉండాలి తప్ప వాటికి బదులు కాకూడదని 2012లో నియమాలను సవరించి స్పష్టంగా రాయాల్సి వచ్చింది. పోడు వదిలిన వాలు అయిదారేళ్లకు పచ్చగా చిగురించి ఉంటుంది. సెటిల్‌మెంటు అధికారి గుర్రం మీది నుంచి చూసినప్పుడూ అది అడవిలాగే కనిపించింది, ఆకాశం నుంచి ఫొటో తీసినప్పుడూ అడవిలాగే కనిపిస్తుంది. అక్కడ ఎవరి తాత సామ చల్లాడో, మోకాలెత్తున వదిలిన ఆ మోడు ఎవరి గొడ్డలి కొట్టిందో చెప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు.